సర్దార్‌జీ తెలుగులో 'మేము'

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో చేరిన కొత్తలో, మా పక్క షెడ్డులో ఒక సర్దార్‌జీ ఉండేవారు. లారీ డ్రైవరు. ఎప్పుడో పంజాబు నుంచి లోడు వేసుకుని వచ్చి విజయవాడలోనే ఉండిపోయారు. ఆయన గురించి నాకు కచ్చితంగా తెలిసినవి మూడు. డ్రైవర్ల సంఘానికి ఆయనే పెద్ద. ఉల్లిపాయలు లేనిదే పెసరట్టు ముట్టరు. కవిత్వం రాస్తారు. రాసేది లారీ తలుపుకి లోపలివైపు, సుద్దముక్కతో. జల్లు కొడితే కవిత చెరిగిపోయేది. "పోనీ బాబూ, మంచిదైతే నోట్లో ఉంటుంది" అనేవారు.

తెలుగు ఆయన లారీల మధ్యే నేర్చుకున్నారు. ధారాళంగా మాట్లాడేవారు గానీ ఒక్కచోట తప్పేవారు. "రండి, మేము టీ తాగుదాం" అనేవారు. క్లీనర్లు వెంటనే, "కానివ్వండి సర్దార్‌జీ, మీరు తాగండి, మేం చూస్తాం" అనేవాళ్లు. ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వేవారు.

ఆ వేసవిలో ఇబ్రహీంపట్నం దగ్గర టైరు మారుస్తుంటే జాకీ జారి ఒక క్లీనరు చెయ్యి నలిగింది. ఓనరు అతన్ని పనిలోంచి తీసేశాడు. చెయ్యి కుదిరేదాకా జీతమిచ్చి, మళ్లీ పనిలో పెట్టుకునేవరకూ లారీలన్నీ ఆపాలని సర్దార్‌జీ పట్టుదల. చిక్కల్లా క్లీనర్లతోనే. వాళ్లు మీటింగులకి రావడం మానేశారు. వాళ్లు కలిసిరాకపోతే డ్రైవర్లు ఆగరు. ఆదివారం మీటింగులో తన కవిత ఒకటి తెలుగులో చదివితే వింటారని ఆయన ఆశ. ఆ తెలుగు సరిచేసే పని నాకు అప్పగించారు.

మొదటి చరణమే, "రోడ్డు మాది కాదు, దుమ్ము మాది."

"మాదా, మనదా అండీ?"

"రెండూ ఒకటే కదా?"

కాదన్నాను. థర్మోడైనమిక్స్‌లో మొదటి పాఠం, ఏది లోపల, ఏది బయట అని గీత గియ్యడం. ఆయన సుద్దముక్కే తీసుకుని నేల మీద సున్నా చుట్టాను. 'మనం' అంటే వింటున్నవాడు కూడా ఇందులోనే. 'మేము' అంటే అతను బయట.

ఆయన వంగి ఆ సున్నా చూశారు. "మా భాషలో రెంటికీ ఒకటే మాట బాబూ." మళ్లీ ఆయనే, "అయితే పోయిన మీటింగులో క్లీనర్లతో 'మేము గెలుస్తాం' అన్నానే?"

"డ్రైవర్లు గెలుస్తారని అర్థమండి."

"'మేము ఒకటే కుటుంబం' అని కూడా అన్నాను."

ఒక్క మాట తప్పుగా అన్నంత మాత్రాన వాళ్లు రావడం మానేస్తారా? అంతకు నెల్లాళ్ల ముందే డ్రైవర్లకి దారిఖర్చుల బత్తా పెరిగింది. ఆ బేరంలో క్లీనర్ల ఊసే రాలేదు. చేసిన పని కూడా ఆ తప్పు మాట చెప్పినట్టే ఉంది. నాకు అప్పుడే తట్టింది. ఆయనకీ తట్టిందని మొహం చూస్తే తెలిసింది.

కవిత చదువుతారని చెప్పడంతో, వేడుక చూడ్డానికన్నట్టు ఆదివారం క్లీనర్లు కొందరు వచ్చి వెనక నిలబడ్డారు. సర్దార్‌జీ కాగితం చూసి, "రోడ్డు మనది కాదు, దుమ్ము మనది" అని మొదలుపెట్టారు.

"బత్తా పెరిగినప్పుడు లేని 'మనం' ఇవాళెక్కణ్ణించి దిగింది సర్దార్‌జీ?" అని వెనకనుంచి ఒక క్లీనరు. నవ్వులు.

"ఏరా, పెద్దాయనతో ఏంట్రా ఆ మాటలు?" అని ముందు వరసలో డ్రైవరు లేచాడు.

సర్దార్‌జీ అతన్ని కూర్చోమని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "బత్తా మేము తీసుకున్నాం" అన్నారు.

మళ్లీ పాత అలవాటే అనుకుని పక్కనుంచి, "మనం అండీ" అని అందించాను.

"లేదు బాబూ. ఇది మేమే." డ్రైవర్ల వైపు చెయ్యి చూపించి క్లీనర్లతో అన్నారు: "మేము తీసుకున్నాం. మిమ్మల్ని అడగలేదు. తప్పు మాది. అందుకే రేపు ముందు బళ్లు ఆపేది మేమే."

కొందరు డ్రైవర్లు లోడుందంటూ లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు కూర్చున్నారు. క్లీనర్లు ముందుకి వచ్చి, వెళ్లినవాళ్లు ఖాళీ చేసిన చోట కూర్చున్నారు.

మర్నాడు చాలా లారీలు కదల్లేదు. వారం తిరక్కుండా ఓనరు దిగొచ్చాడు. చెయ్యి నలిగిన క్లీనరుకి పనీ తిరిగొచ్చింది, జీతమూ అందింది. సర్దార్‌జీకి మాత్రం ఆయన బండి ఓనరు మళ్లీ లారీ తాళం ఇవ్వలేదు. కొన్నాళ్లు ఖాళీగా ఉన్నారు. ఆయన కోసం వన్ టౌన్ గోడౌన్ల వెంట తిరిగి, ఇంకో బండి మాట్లాడిపెట్టింది క్లీనర్లే.