అకారాదక్క సాక్ష్యం

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకు ప్రెస్సులో హాజరుపట్టీ వరకే పనికొచ్చింది. మిగతా లోకమంతా ఆమెను అకారాదక్క అనే పిలిచేది. పాఠ్యపుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది కదా, అకారాది క్రమంలో, అది తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. ప్రూఫులు కూడా దిద్దేది. అచ్చుతప్పు కనబడిందంటే కంట్లో నలుసు పడ్డట్టే, తీసేదాకా నిలవలేదు. చెల్లెలి పెళ్ళిపత్రికలు పంచేశాక ఎక్కడో ఒక దీర్ఘం ఎగిరిపోయిందని కనిపెట్టి, ఇంటింటికీ వెళ్ళి కలంతో దిద్ది వచ్చిన మనిషి. "మా అక్క గదిలోకొస్తే పడుకున్న పిల్లి కూడా లేచి సరిగ్గా కూర్చుంటుంది" అని చెల్లెలు అందరికీ చెప్పి నవ్వేది.

వాళ్ళ నాన్న టీవీలు బాగుచేసేవాడు. ముందుగది నిండా జనం ఇచ్చిపోయిన సెట్లే. రోజూ సాయంత్రం ఆరింటికి "తొమ్మిదో కక్ష్య" అనే సీరియల్ వచ్చేది. ఇంటిదారి తప్పిపోయిన ఒక అంతరిక్ష నౌక, అందులో నలభైమంది మనుషులు, గ్రహం తర్వాత గ్రహం వెతుక్కుంటూ పోవడం, అదీ కథ. బాగుచేసిన సెట్లన్నీ ఆ వేళకి ఒక్కసారే పెట్టి, నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనకనించి అడిగేవాడు.

"పాపా, కెప్టెన్ కోటు ఏ రంగులో ఉంది?"

"ఈ టీవీలో పచ్చగా ఉంది. దాంట్లో నీలంగా ఉంది. ఆ మూలదాంట్లో బూడిద."

"అసలు రంగు ఏదంటావ్?"

ఆ ఒక్క ప్రశ్న ఆమెను పట్టుకుని వదల్లేదు. అసలేదో తేల్చుకోవడానికి నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. కోటు రంగు, గుండీల లెక్క, నౌకలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, నోరులేని వైద్యుడు ఏ భాగంలో ఎన్నిసార్లు చెయ్యెత్తాడు. నోటుబుక్కులు చాలక అట్టముక్కల మీదికి మారింది. ఆమెకు నలభై ఏళ్ళు వచ్చేసరికి నలభయ్యొక్క చెప్పుల పెట్టెల నిండా ఆ ముక్కలే. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళకి, "ఈ పెట్టెలు ఎక్కడ పెట్టుకుంటాడు ఆయన?" అని అడిగేది. నిజంగానే అడిగేది.

సీరియల్ రెండువందల పన్నెండో భాగంతో ఆగిపోయింది. నౌక ఇల్లు చేరనే లేదు. తీసిన కంపెనీ మూతపడింది, హక్కులు ఎవరివో ఎవరికీ పట్టలేదు. ఆ సీరియల్ ఇంకా పట్టింది కొద్దిమందికే. ఆదివారం మధ్యాహ్నాలు ఒక దర్జీ కొట్టు మేడ మీద చేరేవారు. దర్జీ ఆ సీరియల్లోని కోట్లు కుట్టేవాడు. పళ్ళసెట్లు తయారుచేసే అతను ఒకడుండేవాడు, పళ్ళ అచ్చులు పోసే మిశ్రమంతోనే గ్రహాంతరవాసుల మొహాలు పోసేవాడు. లెక్కల మాస్టారు ఆగిపోయిన కథని తానే కొనసాగించి, వారానికొక అధ్యాయం చదివి వినిపించేవాడు. అకారాదక్క పని తప్పు పట్టడం. "మాస్టారూ, ఆ తలుపు ఎడమకి తెరుచుకోదు, నూట నాలుగో భాగం" అనేది. ఆయన నాలిక కరుచుకుని దిద్దుకునేవాడు. ఆమె చెల్లెలు ఒకసారి అక్కకి గొడుగు ఇవ్వడానికి వచ్చి, మెట్ల దగ్గర దర్జీని చూసింది. ఏడాది తిరక్కుండా అతను అకారాదక్కకి మరిదయ్యాడు.

ఆ మేడ మీద ఆమె నొచ్చుకున్నది ఒక్కసారే. నౌక ఇల్లు చేరే అధ్యాయం తానూ ఒకటి రాసి తెచ్చింది. చదివింది. అందరూ మర్యాదగా విన్నారు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అమ్మాయ్, నీది జాబితా. కథ కాదు. జాబితాకి ఊపిరాడదు" అన్నాడు. మేడంతా నవ్వింది. ఆమే ముందు నవ్వింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాత రెండేళ్ళకి ఆ సీరియల్ హక్కుల్ని ఓ పెద్ద కంపెనీ కొనేసింది. సినిమాలు తీస్తారని, బొమ్మలు, బట్టలు, అన్నీ వస్తాయని చెప్పుకున్నారు. మేడ మీద అందరూ ఎండిన మోడు మళ్ళీ చిగురించినట్టు సంబరపడ్డారు. ఒకరోజు ప్రెస్సుకి ఇస్త్రీ మడత నలగని కుర్రవయసు మేనేజరు ఒకడు వచ్చాడు. ప్రూఫుల బల్ల ముందు నిలబడి, "అకారాదక్కంటే మీరేనా మేడమ్?" అన్నాడు. "తొమ్మిదో కక్ష్య గురించి మా దగ్గరున్న కాగితాలకన్నా మీ దగ్గరే ఎక్కువున్నాయని విన్నాం. నిజమేదో నకిలీ ఏదో చెప్పగలిగే మనిషి మాకు కావాలి. ఆఖరి మాట మీదే."

నలభై ఏళ్ళలో ఆఖరి మాట నీదే అని ఆమెతో ఎవరూ అనలేదు. కాగితాలు చదవకుండా సంతకం పెట్టింది. ఇతరుల కాగితాల్లో కామా కూడా వదలని మనిషి, తన కాగితం చదవలేదు.

కంపెనీ భవనం నాలుగో అంతస్తులో గది ఇచ్చారు. తలుపు మీద "పరంపర సంరక్షకురాలు" అని పలక. నలభయ్యొక్క పెట్టెలూ వ్యానులో వచ్చి ఇనప అరల్లో చేరాయి. పని తేలికే. రోజూ కొన్ని ఫొటోలు వస్తాయి, బయట ఎవరెవరో చేసిన వస్తువులవి. ఒక్కొక్కటీ ఏ భాగంలోని దేనికి సరిపోతుందో ఆమె రాసి సంతకం చెయ్యాలి. మూడోవారంలో అడిగింది, ఇవెందుకని.

"అనుమతి లేకుండా చేసినవాళ్ళకి నోటీసులు వెళ్తాయి మేడమ్," అన్నాడు మేనేజరు. "ఆగిపోతే సరే. లేదంటే కోర్టు."

"మంచిదే. కొందరు మరీ ఇష్టమొచ్చినట్టు చేస్తున్నారు," అంది ఆమె.

ఒక సోమవారం ఆ ఫొటోల్లో మరిది కుట్టిన కోటు వచ్చింది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ కుట్టు ఆమెకు తెలుసు. కాలరుకి మూడు మడతలు, మధ్య మడత కాస్త ఎత్తు. అలా కుట్టమని తెరమీద బొమ్మ ఆపి చూపించింది తనే. సీరియల్ మొదలై ముప్ఫయ్యేళ్ళు నిండుతున్నాయని టౌన్‌హాల్లో అభిమానుల కలయిక పెట్టుకున్నారు. దానికోసం మరిది అరవై మూడు కోట్లు కుడుతున్నాడు. గదిలో ఎవరూ లేరు. "సరిపోలలేదు" అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. ఆమె కలం పట్టుకుని అరగంట కూర్చుంది. చివరికి రాసింది: "ముప్ఫయ్యెనిమిదో భాగంలోని కోటుకు పూర్తిగా సరిపోతున్నది. కాలరు అత్యంత కచ్చితంగా ఉన్నది." ఆ "అత్యంత" రాస్తున్నప్పుడు గర్వపడింది కూడా.

మర్నాడు మాస్టారి అధ్యాయాలు వచ్చాయి, నూటముప్ఫై పేజీలు. ఈసారి తటపటాయించడానికి అరగంట పట్టలేదు. ఏ పాత్ర ఎక్కడిది, ఏ మాట ఎక్కడిది, ఒక్కటి వదలకుండా పదకొండు పేజీల పట్టిక రాసి ఇచ్చింది. మేనేజరు చూసి ఈల వేశాడు. "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు మేడమ్!"

నోటీసులు వెళ్ళాయి. మాస్టారు రాసినవన్నీ అప్పగించి, ఇకమీద ఆ నౌక గురించి రాయనని, నలుగురిలో చదవనని సంతకం పెట్టాడు. పళ్ళసెట్లతను మొహాలన్నీ సుత్తితో కొట్టి ఫొటో పంపాడు. దర్జీ మాత్రం మొండికేశాడు. అప్పుడు కంపెనీ ఒక షరతు పెట్టింది. కోట్లన్నీ తన చేత్తోనే కోసెయ్యాలి, తమ మనిషి కెమెరా పట్టుకుంటాడు. లేదంటే కొట్టు మీదికి కోర్టువాళ్ళు వస్తారు.

"మీరూ రావాలి మేడమ్," అన్నాడు మేనేజరు. "ప్రతి కోటూ మనదేనని మీరు చూసి చెప్పాకే కోయిస్తాం. న్యాయంగా జరగాలి కదా."

"వాడు నా మరిది."

"అందుకే మరీ మంచిది. మీరుంటే ఆయన గొడవ చెయ్యరు."

ఉదయం పదింటికి వెళ్ళారు. కొట్టులో కోట్లన్నీ కొయ్యకి వరసగా వేలాడుతున్నాయి. చెల్లెలు ఏడో నెల కడుపుతో బల్ల పక్కన నిలబడి ఉంది. అక్కని చూసి ముందు మొహం విప్పారింది, సాయానికి వచ్చిందనుకుంది. వెనకాల కెమెరా, మెడలో కంపెనీ కార్డు చూశాక ఆ మొహం మెల్లగా ఆరిపోయింది.

"నువ్వేనా అక్కా? రాసిచ్చింది నువ్వేనా?"

"ఉన్నది రాశాను. లేనిది రాయలేదు."

"లేదని రాస్తే నీ చెయ్యి పడిపోయేదా?"

దర్జీ "ఊరుకో" అన్నాడు పెళ్ళాంతో. మొదటి కోటు తీసి బల్ల మీద పరిచాడు. అకారాదక్క కాలరు తిప్పి చూసి, "సరిపోయింది" అంది. అతను కత్తెర పెట్టాడు. మందం గుడ్డ కావడంతో చప్పుడు కొట్టంతా వినబడింది. రెండోది. "సరిపోయింది." మూడోది. ఇరవై దాటాక అతని బొటనవేలు కత్తెర వలయంలో వాచింది. కోటు తీసి అందించడం చెల్లెలే చేస్తోంది, ఒక్కోటీ అక్క చేతుల్లో పెడుతూ, "బాగా చూడక్కా, దారం ఎక్కడైనా తప్పుగా ఉందేమో. నీకు తప్పంటే పడదు కదా," అంటోంది. గొంతులో ఏడుపు లేదు. కెమెరా పట్టుకున్నవాడు గోడకేసి చూస్తూ తీశాడు.

నలభై ఏడో కోటు దగ్గర అకారాదక్క ఆగింది. రెండుసార్లు తిప్పి చూసింది.

"ఇది కాదు. దీనికి రెండే మడతలున్నాయి. ఇది కోయక్కర్లేదు."

ఆమె ఆ కోటుని మరిది వైపు చాచింది. దాన్నైనా మిగిల్చానని ఆమె నిజంగా అనుకుంది. అతను అందుకుని, కాలరు చూసి తలూపాడు.

"అవునొదినా. నిద్రమత్తులో కుట్టినట్టున్నాను," అన్నాడు. "తప్పు కుట్టింది నేనెప్పుడూ ఉంచుకోలేదు. నువ్వే నేర్పావు." దాన్నీ కోశాడు.

ఆ సాయంత్రమే చెల్లెల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, బతికింది. అకారాదక్క పళ్ళు కొనుక్కుని వార్డు దాకా వెళ్ళింది. దర్జీ తలుపు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు. కట్టు కట్టిన బొటనవేలు పైకెత్తి, లోపలికి వద్దన్నట్టు ఊపాడు. అంతే, ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె జవాబు చెప్పుకునేది.

సినిమా వచ్చే ముందు కంపెనీ తన సొంత కోట్లు బజార్లోకి వదిలింది. అప్పటికి దర్జీ కొట్టు తీసేసి, ఆ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలోనే కాలర్ల వరసలో కూర్చున్నాడు. నమూనా ముక్క నాలుగో అంతస్తుకి వచ్చింది. అకారాదక్క చూసి ఒక్క ఉదుటున మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"రెండే మడతలున్నాయి! ఇది తప్పు. ఆపించండి."

"మూడో మడతకి గుడ్డ ఎక్కువ పడుతోంది మేడమ్. ఇక రెండే."

"ఇక రెండే ఏమిటి? ముప్ఫయ్యెనిమిదో భాగం..."

"మీ అట్టముక్కలో ఉన్నది మార్చెయ్యండి. మేమేది చెప్తే అదే అసలు. మీ పని అది రాయడం."

ఆమె మార్చనంది. మేనేజరు బతిమాలలేదు, కోప్పడనూ లేదు. మధ్యాహ్నానికల్లా ఒక ఉద్యోగి వచ్చి తలుపు మీది పలకకున్న నాలుగు మరలూ విప్పుకుపోయాడు. పెట్టెలు ఇవ్వమని ఆమె అడిగింది. సంతకం చూపించారు. పెట్టెలు కంపెనీవి, అందులో ఉన్న సంగతులు కంపెనీవి, వాటిని మళ్ళీ రాసినా అచ్చువేసినా నేరం. "జ్ఞాపకం ఉంచుకోవచ్చా?" అని అడిగింది ఆమె. మేనేజరు ఒక్క క్షణం ఆలోచించి, "రాసుకోనంత వరకూ మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

ప్రెస్సువాళ్ళు పాత బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. మందు డబ్బాల్లో పెట్టే చీటీలు దిద్దుతోంది. కొన్నాళ్ళకి తెలిసింది, ఆదివారాలు ఆగలేదని, పళ్ళసెట్లతని పనిగదిలో చేరుతున్నారని. వెళ్ళింది. తలుపు తోసేసరికి ఏడెనిమిదిమంది స్టూళ్ళ మీద ఉన్నారు. ఎవరూ పొమ్మనలేదు. మాస్టారు లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"రా అమ్మాయ్, కూర్చో. ఈ వారం కథ లేదు. ఏ వారమూ లేదు, నన్ను నోరు విప్పొద్దన్నారుగా. ఊరికే మొహాలు చూసుకుని పోతున్నాం. నీ పెట్టెలు పోయాయటగా? తలలో ఉంది కదా. చెప్పు, వింటాం. మొదటి భాగం నించీ."

ఆ గొంతులో ఏముందో ఆమె పట్టుకోలేకపోయింది. ఇంతకాలానికి అడిగారు కదా అనుకుంది. మొదలుపెట్టింది. మొదటి భాగం, నౌకలో పదకొండు తలుపులు, తొమ్మిది ఎడమకి, రెండు కుడికి. కెప్టెన్ కోటు, ఆరు గుండీలు. ఒక్క తప్పు లేకుండా చెప్పుకుపోయింది. ఏడో భాగం దగ్గర ఒకతను లేచి చెప్పులు వేసుకున్నాడు. పదో భాగంలో ఇద్దరు. వెళ్ళేవాళ్ళు చప్పుడు కాకుండా వెళుతున్నారు, చావింట్లోంచి లేచినట్టు. మాస్టారు పంతొమ్మిదో భాగం దాకా కూర్చుని, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, తలుపు దగ్గర ఆగి, "ఒక్క అక్షరం తప్పు పోలేదమ్మాయ్," అని చెప్పి మెట్లు దిగాడు.

ఎందుకు లేచిపోతున్నారో ఆమె అర్థం చేసుకుంది. అయినా ఆపలేదు, ఆపితే భాగం మధ్యలో తెగిపోతుంది. పళ్ళసెట్లతను ఒక్కడే మిగిలాడు, గది అతనిది కాబట్టి. కిటికీలు మూశాడు, పోత గిన్నెలు కడిగాడు, తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు.

"అక్కా, నేను తాళం వేసుకోవాలి."

"రెండు నిమిషాలుండు. ఇరవై రెండోది అయిపోవస్తోంది."

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అయ్యేదాకా చెప్పి, సంచి తీసుకుని బయటికొచ్చింది. పై ఆదివారం మళ్ళీ వెళ్ళింది, ఇరవై మూడు నించి చెబుదామని. తలుపుకి తాళం ఉంది. ఎక్కడికి మారారో పక్కింటివాళ్ళని అడిగింది. వాళ్ళకి తెలుసు, చెప్పలేదు.