పెద్దాయన దాటని ముగ్గు

నేను మాంత్రికుల నవలలు రాస్తాను, ఆదివారం మా రేగొండ చర్చిలో వాక్యం చదువుతాను. నవలలకు పాఠకులు తక్కువ, చర్చిలో వినక తప్పదు కనుక ఆ రెండో పనే నాకు ప్రాణం.

కొత్త నవలలో ఒక మంత్రవలయం ఉంది. ఎన్ని పాత పుస్తకాలు తిరగేసినా దాని ఆకారం తేలక, వాకిట్లో పసుపుతో గీసి నాలుగు నిమ్మకాయలు పెట్టి చూశాను. ఆ రోజు అమావాస్య అని చూసుకోకపోవడం నా పాండిత్యం.

సాయంత్రం మా చర్చి సంఘపెద్ద వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా గిది, బాణామతా? చేతబడి చేస్తున్నవా?"

"కథ కోసం గీసిన బాపు. నాకు గసొంటి నమ్మకం లేదు."

"చేసేటోళ్లు గట్లనే అంటరు. ఈ ఆదివారం నువ్వు వాక్యం చదువకు."

లోపలికి రమ్మని బతిమాలాను. ఆయన ముగ్గు దాటకుండా, గోడకు ఒదిగి ఒదిగి వచ్చాడు.

"ఉత్త పసుపే బాపు, దాటి రావచ్చు కదా."

"మోకాళ్ల నొప్పి," అన్నాడు.

నా రాతను అంతగా నమ్మిన పాఠకుడు అంతకుముందు దొరకలేదు. ఆ నిమ్మకాయల్లో రెండు కోసి షర్బత్ కలిపాను. ఆయన తన గ్లాసు ముట్టలేదు. నేను మొత్తం తాగేదాకా చూసి, నాకేమైనా అవుతుందేమోనని ఇంకాసేపు కూర్చున్నాడు.

"ఏం కాలే. ఆదివారం జర జల్ది రా, వాక్యం నువ్వే చదువాలె," అని లేచి, గోడవారగానే వెళ్లిపోయాడు.