ఎండగట్టని చెరువు

ఉమ్మడి రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి. ఒక ఫిబ్రవరిలో, ఏలూరులో మత్స్యశాఖ సహాయ సంచాలకురాలిగా ఉన్న నాకు శిక్షణ సమన్వయకర్త బాధ్యత కూడా అప్పగించారు. ఆ ‘కూడా’ అన్న మాట ఎంత బరువో ప్రభుత్వోద్యోగం చేసినవాళ్ళకే తెలుసు. జీతం ఒకటే, కుర్చీలు రెండు. సముద్రం అవతలి పొరుగు దేశంలో ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ముగిసింది. చుట్టుపక్కల దేశాలు తలా ఒక చెయ్యి వేసి దాన్ని నిలబెట్టాలనుకున్నాయి. మన దేశం ఇళ్ళు, రోడ్ల లాంటి పెద్ద పనులతో పాటు ఒక చిన్న పని కూడా నెత్తికెత్తుకుంది. యుద్ధం జరిగిన ప్రాంతపు చెరువుల్లో చేపల పెంపకం మళ్ళీ మొదలుపెట్టించాలి. చేపపిల్లలు మనమే ఇవ్వాలి, అక్కడి అధికారులకు పని మనమే నేర్పాలి. నేర్పడానికి కొల్లేరు ప్రాంతాన్ని మించింది లేదన్నారు. కొల్లేరు పక్కన కుర్చీలో నేనున్నాను.

ఆ దేశం పేరు రాయను. రాస్తే ఎవరి తప్పు ఎంత అన్న చర్చ మొదలవుతుంది. నాకిప్పుడు అంత ఓపిక లేదు.

వచ్చినవాళ్ళు డజను మంది. ఏలూరులో గదులు కుదరక తాడేపల్లిగూడెంలో ఒక లాడ్జిలో పెట్టాం. పొద్దున్నే జీపుల్లో ఒకరోజు ఉంగుటూరు మీదుగా కొల్లేరు వైపు, ఇంకోరోజు ఉండి వైపు తీసుకెళ్ళేవాళ్ళం. కూరలో కారం చాలలేదని ఒకరు, దోమలని ఇంకొకరు, డీజిలు బిల్లు పాస్ కాలేదని డ్రైవరు. సాయంత్రం వాళ్ళను దింపి ఇల్లు చేరేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చేది.

వాళ్ళలో మల్లిక అని ఒక ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు ఉండేది. ముప్పై దాటి ఉంటాయి. సొంత భాష తమిళం, నాతో ఇంగ్లీషులో మాట్లాడేది. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చెప్పింది రాసుకునేవారు. ఆమె మాత్రం చెప్పులు విప్పి బురదలోకి దిగేది. అవసరానికి మించి మాట్లాడేది కాదు, అది పొగరని అనుకున్నాను మొదట్లో.

మా పనిలో మొట్టమొదట నేర్పేది చేపలు వేయడం కాదు, చెరువు ఎండగట్టడం. పంట పట్టేశాక మిగిలిన నీరంతా ఇంజన్లు పెట్టి తోడేస్తారు. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండకు వదిలేస్తారు. ఆ తరువాత దున్నించి, సున్నం చల్లి, అప్పుడు కొత్త నీరు పెడతారు. నీటికి కాస్త పచ్చదనం వచ్చాకే శీలావతి, బొచ్చె పిల్లలను వదులుతారు. ఈ వరుస తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతంలో చదువురాని రైతుకీ తెలుసు, లక్షలు పోగొట్టుకున్న రైతుకీ తెలుసు.

ఉండి దగ్గర రాజుగారని ఒక రైతు ఉండేవారు. మేము ఎవరిని వెంటబెట్టుకుని వెళ్ళినా విసుక్కోకుండా చెరువు చూపించి, టీ ఇప్పించి, ఆపైన మమ్మల్ని ఆటపట్టించేవారు. మేము వెళ్ళిన రోజు ఆయన చెరువు ఒకటి సగం ఎండి ఉంది.

“పోయిన పంట తాలూకు కుళ్ళంతా అడుగునే ఉండిపోద్దండీ. అది ఎండకుండా కొత్త పిల్ల వేశామనుకోండి, రోగం వస్తది. అప్పుడు మేడమ్ గారు వచ్చి బోలెడు మందులు రాస్తారండి. ఆవిడకి పని కల్పించడానికైతే వెయ్యొచ్చు,” అన్నారు. చివరి రెండు మాటలు వదిలేసి మిగతాది ఇంగ్లీషులో చెప్పాను.

ఎండినప్పుడు అడుగున ఏమేం దొరుకుతాయని మల్లిక అడిగింది.

“ఏముంటాయండీ. తెగిన వలలు, సీసాలు. ఓసారి మా అన్నయ్యగారి వాచీ దొరికిందండి. దొంగిలించాడని పాలేరుని మానిపించేసిన రెండేళ్ళకి.”

ఆ పాలేరును మళ్ళీ పిలిచారా అని ఆమె అడిగింది. “పిలిచారండి. అతను రాలేదు,” అన్నారు రాజుగారు.

తిరుగు ప్రయాణంలో మల్లిక నా పక్కన కూర్చుంది. భీమవరం దాటాక, ఆఫీసులో నివేదిక చదివినట్టు చెప్పుకొచ్చింది. వాళ్ళ ఊరి చెరువు అడుగున మనుషులున్నారు. యుద్ధం చివరి వారాల్లో గుండ్లు పడుతుంటే ఊరు ఊరంతా చెరువుకు అడ్డంపడి అవతలి గట్టుకు దాటబోయింది. చాలామంది చేరలేదు. ఆమె తమ్ముడు బట్టలమూట నెత్తిన పెట్టుకుని వెనకాలే వచ్చాడు. గట్టెక్కి చూస్తే లేడు.

శిబిరాల నుంచి జనం ఇప్పుడు తిరిగొచ్చారు. మత్స్యకార సంఘం మళ్ళీ తెరిచారు. వల వేస్తున్నారు, చేప పడుతోంది. కానీ ఆ చేపను ఊళ్ళో ఎవరూ తినరు. వ్యాపారి వచ్చి ఏ చెరువుదని అడిగి వెళ్ళిపోతాడు. నీళ్ళు పరీక్ష చేయించారా అని అడిగాను. నాకు తోచింది అదే. చేయించామని, శుభ్రంగా ఉన్నాయన్నారని చెప్పింది. నీళ్ళు శుభ్రమేనని వాళ్ళకూ తెలుసట. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆ కుటుంబాలు వలలు కట్టేసి పట్నంలో కూలికి పోతాయి, తిరిగొచ్చిన ఊరు మళ్ళీ ఖాళీ అవుతుంది.

“మీరు పిల్లలు పంపేముందు ఆ చెరువు ఎండగట్టాలని మీ దేశం అడగగలదా? మేం అడిగితే వినరు. పొరుగువాళ్ళు అడిగితే వింటారు,” అంది.

ఒక జిల్లా అధికారిణి అడగగలిగిన ప్రశ్న కాదది. అయినా శిక్షణ ముగింపు సమావేశంలో అడిగాను. ఏలూరులో జరిగిన ఆ సమావేశానికి ఢిల్లీ నుంచి ఒక సమన్వయాధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు. ఓపిగ్గా విని, మన కాంపోనెంటు చేపపిల్లలే కదా మేడమ్ అన్నాడు. సహాయ పథకాల్లో ఒక్కో దేశం భాగాన్ని కాంపోనెంటు అంటారు. పడవలు ఒక దేశానివి, వలలు మరో దేశానివి, నీటి పరీక్ష ఇంకో దేశానిది. చెరువు అడుగు ఎవరి భాగమూ కాదు.

ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి నిజంగా బరువైనదే. అది సాగునీటి చెరువు. దాని కింద, తిరిగొచ్చినవాళ్ళు ఎన్నో ఏళ్ళకు మొదటిసారి వరి వేశారు. చెరువు ఖాళీ చేస్తే ఆ పంట పోతుంది. రెండో కారణం ఆయన గట్టిగా చెప్పలేదు. ఎండితే ఏం బయటపడుతుందో అక్కడి పెద్దలకు తెలుసు, అవి లెక్కకు రావడం వాళ్ళకు ఇష్టం లేదు. నేను మళ్ళీ అడిగాను. ఆయన టీ తాగమన్నాడు. బల్ల చివర కూర్చున్న మల్లిక నా వైపు చూడలేదు.

పిల్లలను విమానంలో పంపారు. ప్రయాణానికి ముందు వాటిని పస్తుంచి, పొట్ట ఖాళీ అయ్యాక, ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టాలి. వాటి వెంట నన్నూ పంపారు. ఆ ఊరి గట్టు మీద నాలుగు దేశాల బోర్డులు వరుసగా పాతి ఉన్నాయి. మంత్రి వచ్చాడు, జెండాలు కట్టారు. సంచులను విప్పకుండా నీటి మీద తేలనిచ్చి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి వచ్చాక విప్పాలి. ఆ కాసేపు కూడా ఫోటోలవాళ్ళు ఆగలేకపోయారు. మల్లిక వాళ్ళను వెనక్కి జరిపి పని పద్ధతిగా చేయించింది. ఊరి ఆడవాళ్ళు గట్టు మీదే నిలబడ్డారు. ఒక్కరూ నీళ్ళ దాకా రాలేదు. మధ్యాహ్నం మాకు వడ్డించిన చేప సముద్రం నుంచి తెప్పించింది.

మా పిల్లలు బాగానే బతికాయి. ఏడాది తిరిగేసరికి మంచి బరువు వచ్చాయని మల్లిక ఫోన్‌లో చెప్పింది. పట్టేవాళ్ళు లేకపోతే బరువు రాక ఏం చేస్తాయి. సంఘంలో సగం కుటుంబాలు ఊరు వదిలేశాయి. మా కాగితాల్లో మాత్రం ఆ పథకం విజయవంతమైనవాటిలోకి చేరింది. దాని మీద నాకో ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మూడో ఏడు అక్కడ వానలు పడలేదు. మనిషి తలపెట్టని పని ఎండ చేసింది. ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పలకరింపు లేకుండా, అడుగు ఎంతవరకు ఎండాలని అడిగింది మల్లిక. నెర్రెలో చెయ్యి మణికట్టు దాకా దిగాలని చెప్పాను. సున్నం ఎంత, ఎలా చల్లాలి అని అడిగింది. అదీ చెప్పాను. అప్పుడు చెప్పింది, ఊరివాళ్ళు ఎవరి అనుమతీ అడగకుండా దిగారని, పట్నం వెళ్ళినవాళ్ళు కూడా వచ్చారని, దొరికినవాటిని తెల్లబట్టల్లో కట్టి గట్టు చివర పూడ్చారని. గుడి అయ్యవారు ఒక పక్క, చర్చి ఫాదరుగారు ఒక పక్క నిలబడ్డారట. తమ్ముడిదని చెప్పగలిగేది ఏదీ ఆమెకు దొరకలేదు. ఆమె సున్నం లెక్క ఇంకోసారి చెప్పించుకుని పెట్టేసింది.

తరువాత వానలు పడ్డాయి. ఈసారి పిల్లలు వాళ్ళ దేశపు హేచరీవే. బోర్డు పెట్టలేదు. నేను రిటైరయ్యే ముందు ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. శీలావతిలో ముళ్ళు మరీ ఎక్కువని, పిల్లలకు వలిచి పెట్టలేక చస్తున్నామని ఆడవాళ్ళు పోరుతున్నారట. ముళ్ళు తక్కువున్న రకం ఏదైనా చెప్పమంది. ఫోన్ పట్టుకుని చాలాసేపు నవ్వాను. కళ్ళు తుడుచుకుని రెండు రకాలు చెప్పాను.

ఆ ఫిబ్రవరిలో మేము డజను మందిని ఎండిన చెరువుల చుట్టూ తిప్పి, ఎండగట్టకుండా పిల్ల వేయకూడదని నేర్పాం. అది నేర్పిన చేతులతోనే ఎండగట్టని చెరువుకు పిల్లలు పంపాం. పొరుగువాళ్ళం తలా ఒకటి ఇచ్చాం, ఏది ముందో ఏది వెనకో చూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. నేను తెలుసుకున్నది ఇంతే. ఆ తరువాత ఏ సహాయ పథకం నా బల్ల మీదకు వచ్చినా, అందులోని చెరువు ఎప్పుడు ఎండగడతారని, అక్కడివాళ్ళలో ఎవరిని అడిగారని ముందు అడిగేదాన్ని. జవాబు లేకపోతే సంతకం పెట్టలేదు. అలాంటివి రెండు, నేను సెలవులో ఉన్న రోజు చూసి పాస్ చేయించుకున్నారు.