సెలూన్ బాబాయి ఆవలింత

మా వీధి ఆస్పత్రి నర్సుకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ‘ఆ అనక్క’. కనిపించిన ప్రతివాణ్ణీ "ఏదీ, ఆ అను" అంటుంది మరి.

పరిశోధన చేసే పెద్దాస్పత్రి వాళ్లు ఆమెకో ట్యాబ్ ఇచ్చారు. నోటి లోపల ఫొటో తీస్తే, అది వేలకొద్దీ పాత ఫొటోలతో పోల్చి చూసి, బాగుంటే పచ్చ చుక్క, క్యాన్సర్ అనుమానముంటే ఎర్ర చుక్క చూపిస్తుంది. ఎర్ర చుక్క పడితే డాక్టరు చూడాల్సిందే.

మొదట ఇంట్లోనే పరీక్షించింది. ఆమె మొగుడు టైలరు. ఆయనకి ఎర్ర చుక్క పడింది. మనిషి కుర్చీలో కూలబడి, "నా కత్తెర తమ్ముడికిచ్చెయ్. మిషను మాత్రం నువ్వే ఉంచుకో" అన్నాడు.

"ముందు నోరు పుక్కిలించండి. పొద్దుట్నుంచీ ఎర్రదారం పళ్లతో కొరుకుతున్నారు."

పుక్కిలించాక పచ్చ చుక్క పడింది. ఆయన మళ్లీ కత్తెర మాట ఎత్తలేదు.

అసలు చిక్కు సెలూన్ బాబాయితో వచ్చింది. ముప్పై ఏళ్లుగా పొగాకు నములుతున్నాడు, అంతకన్నా ఎక్కువగా మాటలు నములుతున్నాడు. నోరు తెరిస్తే మాట ఆగదు, మాట ఆగితే నోరు మూతపడుతుంది. పదకొండు ఫొటోలు తీస్తే పదకొండూ అలుక్కుపోయాయి.

"కదలకు బాబాయ్."

"నేనెక్కడ కదిలానమ్మా? నాలుకే కదిలింది."

తప్పెక్కడుందో చూద్దామని ఆమె ట్యాబ్‌తో వచ్చిన నిబంధనల పుస్తకం తీసి పైకి చదవసాగింది. మూడో పేజీకి బాబాయి కళ్లు వాలాయి. నాలుగో పేజీలో గుహంత ఆవలింత వచ్చింది. ఆమె టక్కున నొక్కింది.

ఎర్ర చుక్క. పుక్కిలించి రమ్మని ఐదో పేజీ చదివింది. మళ్లీ ఆవలింత, మళ్లీ ఎర్ర చుక్కే.

బాబాయి పొగాకు పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత, "డాక్టరు దగ్గరికి నువ్వు కూడా వస్తావా అమ్మా?" అన్నాడు.

"వస్తా, పద."

బుగ్గ లోపల బియ్యపుగింజంత మచ్చ. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది, కాకపోతే ఇంకా మొలక దశే. కోసి తీసేసి, పదిహేను రోజులు నోరు మెదపొద్దన్నారు. బాబాయి వారానికే దుకాణం తెరిచాడు. ప్రశాంతంగా గడ్డం గీయించుకోవచ్చని పక్కవీధి వాళ్లు కూడా ఎగబడ్డారు.

పెద్దాస్పత్రి నుంచి ఫోనొచ్చింది. "అంత చక్కటి ఫొటో ఇంకెక్కణ్ణుంచీ రాలేదు. ఏ పద్ధతి వాడారు?"

"మీ పుస్తకమే చదివానండి."

వాళ్లు ఎంతో సంతోషించారు.

బాబాయి పొగాకు మానేశాడు. మాటలు మాత్రం పదహారో రోజునే మళ్లీ మొదలెట్టాడు. గడ్డానికి వచ్చినవాళ్లకి ఒక చెంప గీసి, కత్తి పక్కన పెట్టేసేవాడు. "వెళ్లి అక్కకి నోరు చూపించుకుని రా. రెండో చెంప అప్పుడు."

ఆ వారమంతా ఆస్పత్రి ముందు వరుసలో నిలబడ్డ మగవాళ్లలో ఒక్కడికీ పూర్తి గడ్డం లేదు.