అంజయ్యన్న ఆపిన బోనం

నిన్న వాన జల్లుకు వసారాలోని తుంగచాప తడిసింది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే రామన్నపేట దగ్గరి మా ఊరి చెరువు, మా సర్పంచ్ అంజయ్యన్న గుర్తొచ్చారు. పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఆయన దగ్గర పంచాయతీ గుమాస్తాగా చేరాను. సర్పంచ్ అయినా ఆయన నేత మానలేదు. ఫిర్యాదులన్నీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకునే వినేవాడు. తగువులాడుకొచ్చిన వాళ్ళకు ముందు చాయ్ పోయించి, సగం కోపం అక్కడే దించేవాడు.

చెరువు నడుమ గడ్డ మీద మైసమ్మ ఉంది. ఊరి దొర ఆ గడ్డను తన పిట్టల వేటకు ఉంచుకుని, ఊరివాళ్ళను అడుగు పెట్టనివ్వలేదు. ఆడవాళ్ళు కట్ట మీదే బోనం దించి దండం పెట్టుకునేవారు. దొర పట్నం చేరినా కాపలా పోలేదు. అంజయ్యన్న కచేరీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరకు గడ్డను ఊరికి ఇప్పించాడు. ఆ శ్రావణంలోనే బోనాలు అక్కడికి తీసుకుపోవాలని ఊరంతా ఉబలాటపడింది. గడ్డ చుట్టూ నీళ్ళలో ఏపుగా పెరిగిన జమ్ముగడ్డి నరికి దారి చేస్తామని కొడవళ్ళతో కట్ట మీదికి వచ్చారు.

అంజయ్యన్న అడ్డంగా నిలబడ్డాడు. "జమ్ముల కొంగలు పిల్లలు జేసినయి. దొర తుపాకికి మిగిలినయి గివే. పురుడున్న ఇంట్ల మనం బోనం ఎత్తుతమా? కార్తీకం దాంక ఆగుదం. పిల్లలు ఎగిరిపోయి, చెరువు నిండినంక జమ్ము ముట్టకుంట, కట్ట దిక్కుకెంచి తెప్పల మీద పోదం."

జనం గొణిగారు. అప్పుడు అంజయ్యన్న తల్లి ముందుకొచ్చింది. చూపు మందగించిన ముసలామె. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ గడ్డ తొక్కాలని ఆశ పడ్డ మనిషి.

"దొర కాలంల దొర ఆపిండు. గిప్పుడు నువ్వు ఆపుతున్నవా కొడుకా? నేను కార్తీకం దాంక ఉంటనో పోతనో!"

అంజయ్యన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిన్నొక్కదాన్ని పంపితే ఊరోళ్ళను ఏం మొకం పెట్టుకోని ఆపాలె అమ్మా?"

ఆమె కట్ట మీద కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పురుడంటివి గదా, ఆగుత తియ్," అంది. కొడవళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెనుదిరిగారు.

దసరా వెళ్ళగానే ఆమె పోయింది.

కార్తీకంలో ఊరంతా తెప్పలెక్కింది. తల్లి పోయిన ఏటి మైలలో ఉన్న అంజయ్యన్న మాత్రం బోనం దగ్గరికి పోరాదు. కట్ట మీదే నిలబడి చూస్తున్నాడు. నేనూ ఆయన పక్కనే ఉండిపోయాను. మనసు ఆగక అడిగేశాను: "అమ్మనొక్కదాన్ని పంపితే ఏం పోతుండె అన్నా?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "గామె నా తల్లి అని పంపితే, గది మళ్ళ దొర గడ్డే అవుతుండె తమ్మీ. దొర పేరు మారుతుండె, గంతే."

తర్వాత నాకూ చిన్నాచితకా అధికారాలు వచ్చాయి. మనవాళ్ళకు మాత్రం కాస్త దారి వదలమని ఇంట్లోవాళ్ళే అడిగిన రోజులున్నాయి. ప్రతిసారీ కుదరదనే చెప్పాను. అలా చెప్పడం నాకు ఇప్పటికీ తేలిక కాలేదు.