మొలకమ్మకు అన్నీ ముందే తెలుసు

పిండిమర పైగదిలో పదిమంది పసివాళ్లను చూసుకునే ఆయాను మేమంతా మొలకమ్మ అంటాం. ఆవిడ నోట ఎప్పుడూ అదే మాట. చిగుళ్లలో పన్ను తగిలితే మొలక. జ్వరానికి ఊడిన జుట్టు తిరిగొస్తే మొలక. మర ఓనరు కొడుకు నూనూగు మీసమూ మొలకే. బుద్ధి మాత్రం ఇంకా మొలకెత్తలేదట. ఇక పిల్లలకు పేర్లతో పనేముంది, అందరూ మొలకలే.

నాకు ఆవిడంటే కుళ్లు. దాచుకోవడం దేనికి? పొద్దున్నే మందుల షాపుకి పోతూ పాపను దించగానే, అది నన్ను వదిలి ఆవిడ మెడ కరుచుకుంటుంది. కన్నది నేను, నవ్వులన్నీ ఆవిడకి.

మొదటి పన్ను మాత్రం నాకే దొరికిందని మురిసిపోయాను. ఆ సాయంత్రం ఆవిడే అంది, “ఇవాళ ప్లాస్టిక్ చెంచా వద్దు, స్టీలు చెంచాతో పాలు పట్టు.” పట్టగానే టక్కుమంది! మర్నాడు చెబితే మొలకమ్మ ముక్కున వేలేసుకుంది.

కిందటి వారం షాపు త్వరగా కట్టేశారు. మెట్లెక్కి చూద్దును కదా, పాప తనంతట తానే నాలుగడుగులు వేసి ఆవిడ ఒళ్లో పడింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కాసేపాగి లోపలికి వెళ్తే, ఆవిడ పాలసీసా కడుగుతూ, “ఇంటికెళ్లాక పాపకి పట్టు దొరక్కుండా కుర్చీలు పక్కకి లాగి చూడమ్మాయ్” అంది.

చెంచా సంగతి అప్పుడు బోధపడింది. ఒళ్లు మండిపోయింది.

“ముందే చూశారు కదా! నా దగ్గర దాచడమెందుకు?”

“నీ మొలకని నువ్వే ముందు చూసుకోవాలి కదే! నాకైతే పదిమందివి దొరుకుతాయి. నీకున్నది ఒక్కటి.”

ఎదుటివాళ్ల మంచితనం చూసి కూడా కుళ్లుకోవచ్చని ఆ రోజే తెలిసింది.

ఇవాళ పొద్దున తల దువ్వుతుంటే పాప తొలిసారి మాట పలికింది. ‘అమ్మ’ అంటుందని నెలల తరబడి చెవులు రిక్కించుకుని కూర్చున్నదాన్ని. “మొయక” అంది. నవ్వుతూ మళ్లీ అంది. ఏడుపొచ్చింది. చచ్చినా ఆవిడకి చెప్పకూడదనుకున్నాను.

తీరా మొలకమ్మ చేతులు చాచగానే పాపను అందించి, మొహం తిప్పుకుని అన్నాను. “ఇదేదో అనేలా ఉంది ఆయమ్మా. కాస్త వింటూ ఉండండి.”

“ఏమంటుందేమిటి?”

“నాకేం తెలుసు?” అంటూ గబగబా మెట్లు దిగాను.

సగం దిగానో లేదో, మర చప్పుడును మించి పైనుంచి ఆవిడ కేక.

“అమ్మాయ్, నీ కూతురు ‘అమ్మ’ అందే!”

పచ్చి అబద్ధం. ఇందులోనూ నన్ను గెలవనివ్వలేదు.