మెట్ల కింద నీళ్లడిగిన మనిషి

దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, రాత్రి ఎంత కల్లు తాగావని అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఖతర్‌లో ఆ ఇంట్లో జరిగింది తలచుకుంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ముందు రోజులవి. మదీనత్ అల్ షమాల్ అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున ఎవరో ముత్యాల వ్యాపారి కట్టుకున్న పాతకాలం ఇల్లు ఉంది. దాన్ని ఫ్రాన్స్ పల్లెటూళ్లలోని పాత బంగ్లాలా మార్చి, మ్యాచ్‌లకు వచ్చేవాళ్ల కోసం గెస్ట్‌హౌస్ చేయాలని ఓనర్ పట్టు. ఇనుప మంచాలు, నీలం రంగు చెక్క కిటికీలు, గోడలకు పూల కాగితం. ఎడారిలో ఫ్రాన్స్ అట, మన ఖర్మ!

ఆ గోడలకు ప్లాస్టరింగ్ చేసింది మా అక్క మొగుడు మల్లేశం బావ. నేను అదే కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌ని. ఎండాకాలంలో నాకు దోహాలో డ్యూటీ పడింది. అప్పుడే బావ పోయాడని ఫోన్ వచ్చింది. లేబర్ క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిందన్నారు. నమ్మి, అక్కకు అదే చెప్పాను. అక్క నమ్మలేదు. "పండుకున్నోడు పండుకున్నట్టే ఎట్ల పోతడు తమ్మీ? నిజం కనుక్కో" అని ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేది.

ఇల్లు తయారయ్యాక ట్రయల్ అన్నారు. అసలు గెస్టులు రాకముందు మాలో ఒకడు ఒక రాత్రి గెస్టులా పడుకుని షవర్, ఏసీ, పరుపు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. నన్ను పంపారు. బావ ఎండలో మాడి పనిచేసిన ఇంట్లో నేను తెల్ల దుప్పటి కప్పుకుని దొరలా పడుకోవాలి! ఆ రాత్రి ఇంట్లో ఉన్నది నేనూ, ముందురోజే పనిలో చేరిన నేపాలీ రూమ్ సర్వీస్ అతనూ, అంతే. గేటుకు తాళం.

తెల్లవారుతుండగా అతను తలుపు కొట్టాడు. "భాయ్, నీళ్లు అంటే ఏంటి?" అని హిందీలో అడిగాడు. లోపలి వాకిట్లో మెట్ల కింద ఒకాయన కూర్చుని అదే మాట అంటున్నాడట. చేత్తో తాగేటట్టు సైగ చేస్తే, దాహమేమో అనుకుని ఇతను ఒక బాటిల్ ఇచ్చాడు. గటగటా తాగేసి ఇంకోటి అడిగాడు. అది తెచ్చేసరికి మనిషి లేడు.

ఎలా ఉన్నాడన్నాను. నెత్తికి ఆకుపచ్చ గళ్ల తువ్వాల, ముందు పన్ను సగం విరిగి ఉందన్నాడు. అచ్చం మా బావే. ఇతను బావను ఏనాడూ చూడలేదు. పరిగెత్తి వెళ్లాను. మెట్ల కింద ఖాళీ బాటిల్ ఉంది. నేల పొడిగా ఉంది. గేటు తాళం వేసింది వేసినట్టే ఉంది.

పొద్దున సూపర్‌వైజర్ రాగానే అడ్డం నిలబడ్డాను. మన తెలుగువాడే. "మా బావ గీ మెట్ల కింద సచ్చిండా సార్?" అని అడిగాను.

లేదనలేదు వాడు. మొహం పాలిపోయి, "నీకెవరు చెప్పారు?" అన్నాడు.

కాలర్ పట్టుకున్నాను. "నీళ్లడిగిండా, లేదా? చెప్పు!"

"పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడు అనుకున్నానయ్యా..." అని గొణిగాడు. థూ! దాహమని అడిగితే పగవాడైనా చెంబుడు నీళ్లిస్తాడు. ఈ నా కొడుకు బాటిల్ ఇవ్వలేదు, పైగా నిద్రలో పోయాడని నా నోటితోనే మా అక్కకు అబద్ధం చెప్పించాడు.

ఆ నీళ్లు ఎవరు తాగారో నాకు ఈరోజుకీ తెలియదు. ఎంత ఆలోచించినా తేలదు.

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. అక్క అడిగింది ఒక్కటే.

"గిప్పుడన్న తాగిండా తమ్మీ?"

"తాగిండక్కా."

"ఇంకోటి అడిగిండంటివి గద. అది ఆడ పెట్టి రాపో" అంది.